రంధ్రం రాయికే ఉంటుంది

ఇంజనీరింగ్ కళాశాలల్లో మినీ ప్రాజెక్టుల సమీక్షకు కూర్చునే వారెవరికైనా ‘రాయా, మైనా’ ప్రాజెక్టు కంఠతా వచ్చే ఉంటుంది. 208 వరసల పట్టిక, వరసకు 60 సంఖ్యలు, చివర ఒక అక్షరం. నీటిలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో వస్తువులను వెతికే సోనార్‌కు ఆ ప్రతిధ్వని రాతి నుంచి వచ్చిందో, మైనుకు (సముద్రంలో అమర్చే పేలుడు సాధనానికి) బదులుగా పెట్టిన లోహపు స్థూపం నుంచి వచ్చిందో ఆ అక్షరం చెబుతుంది. దానికి లాజిస్టిక్ రిగ్రెషనో ర్యాండమ్ ఫారెస్టో, ఏదో ఒక వర్గీకరణ పద్ధతిని జోడించి, ఎనభై చిల్లర శాతం కచ్చితత్వం చూపించి, భవిష్యత్తులో డీప్ లెర్నింగ్‌తో మెరుగుపరుస్తామన్న స్లైడుతో ముగించడం ఆనవాయితీ. ఈసారి ఒక జట్టు ఆ ఆనవాయితీని దాటి పర్సిస్టెంట్ హోమాలజీ పట్టుకొచ్చింది. ఆకారాల్లోని రంధ్రాల వంటి లక్షణాలను చదివే గణితశాఖ టోపాలజీ; బిందువుల చుట్టూ బంతులను క్రమంగా పెంచుతూ పోతే ఏ రంధ్రం ఎప్పుడు పుట్టి ఎప్పుడు పూడుతుందో చూసే దాని పద్ధతి ఇది. ఒక్కో వరసలోని 60 సంఖ్యలను కాలక్రమంగా భావించి, వాటి మీద చిన్న కిటికీని జరుపుతూ పోయి, కిటికీలో పడిన కొన్ని సంఖ్యలను ఒక్కో బిందువుగా తీసుకుని, వచ్చిన బిందువుల గుంపులో ఎన్ని రంధ్రాలున్నాయో, ఏ రంధ్రం ఎంతసేపు నిలిచిందో లెక్కగట్టి, ఆ లెక్కలను మళ్ళీ ర్యాండమ్ ఫారెస్టుకు అందించారు.

ఆ 60 సంఖ్యలు ఏమిటని అడిగాను. అవి ఒక్కో పౌనఃపున్య పట్టీలో చేరిన శక్తి విలువలు. పంపిన శబ్దం తక్కువ పౌనఃపున్యం నుంచి ఎక్కువకు పాకే చిర్ప్ కాబట్టి పై పట్టీల విలువలను కాస్త ఆలస్యంగా కొలిచారు. అందువల్ల ఆ వరసలో కాలం ఛాయ బొత్తిగా లేదని కూడా అనలేం. కానీ కిటికీ జరిపే పద్ధతికి ఆధారం 1981 నాటి టాకెన్స్ సిద్ధాంతం. అది ఒక వ్యవస్థ తన గతిలో తాను తిరుగుతుండగా దాన్ని ఒక కంటితో గమనించే సందర్భానికి చెందినది. రాతి మీద పడి తిరిగొచ్చిన ఒకే ఒక్క చిర్ప్‌లో అలా తిరిగేది ఏదీ లేదు. అక్కడ కనిపించే రంధ్రాలు దేనికి సంబంధించినవో చెప్పగలరా అన్నప్పుడు జట్టులోని ఒక అమ్మాయి తడుముకోకుండా సమాధానమిచ్చింది: ‘దేనివైనా గానీ, ఆక్యురసీ పెరిగింది కదండీ, సార్.’

పెరిగిన మాట నిజమే. 208 వరసల్లో ఐదో వంతు పరీక్షకు తీస్తే 42 వస్తాయి. అందులో ఒక్క వరస అటుదిటయితే కచ్చితత్వం 2.4 శాతం మారుతుంది. వారి పెరుగుదల ఆ మేరలోనే ఉంది. అయినా నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. సోనార్ లక్ష్యాలను గుర్తించడంలో టోపాలజీకి న్యాయమైన చోటు ఒకటుందనీ, అందరూ దాన్ని వదిలేసి పక్కన తవ్వుతున్నారనీ అప్పటికే నాకొక అభిప్రాయం ఉంది. ఆ సమీక్ష తర్వాత దాన్ని పూర్తిగా రాసి చూసుకోవాలనిపించింది.

కోణం చేసే మోసం

ఆ పట్టిక 1988లో పాల్ గోర్మన్, టెరెన్స్ సెజ్నోవ్‌స్కీ ప్రచురించిన న్యూరల్ నెట్‌వర్క్ పరిశోధనకు చెందినది. 111 వరసలు స్థూపానివి, 97 రాళ్ళవి. ఎన్నో ప్రాజెక్టు నివేదికలు ఆ పరిశోధన నుంచి కచ్చితత్వపు శాతం ఒక్కటే ఎత్తి రాసుకుంటాయి. అందులో రెండు శాతాలున్న సంగతిని చాలామంది పట్టించుకోరు. 12 దాగిన యూనిట్లున్న (లోపలి పొరలో 12 లెక్కింపు కణాలున్న) నెట్‌వర్క్‌కు, వరసలను యాదృచ్ఛికంగా పంచి శిక్షణ ఇచ్చినప్పుడు పరీక్షలో సగటున 84.7 శాతం వచ్చింది. శిక్షణలోనూ పరీక్షలోనూ అన్ని కోణాల నుంచి తీసిన ప్రతిధ్వనులు తగుపాళ్ళలో ఉండేలా జాగ్రత్తగా పంచినప్పుడు అదే పరిమాణపు నెట్‌వర్క్‌కు 90.4 వచ్చింది. వస్తువు మారలేదు, నెట్‌వర్క్ పెద్దది కాలేదు. ఏ కోణం నుంచి చూసిన ప్రతిధ్వనులు శిక్షణలో ఉన్నాయన్న దాంట్లోనే దాదాపు ఆరు శాతం తేడా ఉంది. దగ్గరి పోలిక ఉన్న వరసను వెతికి దాని పేరే పెట్టే అతి సాదా పద్ధతి కూడా ఇదే పట్టిక మీద 82.7 శాతం దాకా వెళుతుందని గుర్తుంచుకుంటే, ఆ ఆరు శాతం ఎంత పెద్దదో తెలుస్తుంది.

సోనార్ పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది. పొడవాటి స్థూపాన్ని పక్క నుంచి చూస్తే పెద్ద మెరుపులాంటి ప్రతిధ్వని వస్తుంది. కొన నుంచి చూస్తే చిన్నది, పూర్తిగా వేరే రూపంలో ఉన్నది వస్తుంది. ఒకే స్థూపం రెండు కోణాల్లో ఇచ్చే ప్రతిధ్వనుల మధ్య దూరం, స్థూపానికీ రాతికీ మధ్య దూరం కంటే తరచుగా ఎక్కువే ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కో ప్రతిధ్వనిని విడిగా పట్టుకుని ‘నువ్వు రాయివా, మైనువా’ అని అడగడమే తప్పు ప్రశ్న అవుతుంది.

కొన్నాళ్ళ క్రితం విశాఖ చేపల రేవులో ఒక మరబోటు సరంగుతో మాట్లాడుతుండగా, ఫిష్ ఫైండర్ తెర మీద అడుగున ఏదో లేచినట్టు కనిపిస్తే ఏం చేస్తారని అడిగాను. మునిగిన బోటు శకలమైనా రాతిగుట్ట అయినా వల చిరగడం ఖాయం, కాబట్టి ఆయనకది ఉబుసుపోక ప్రశ్న కాదు. ‘ఒక్క దిక్కు నుంచి పోతే ఏటి తెలుస్తాది బాబూ? అడ్డంగా మళ్ళీ ఒకసారి పోవాల’ అన్నారు. ఆ తెరలోని పరికరం నేరుగా కిందికి చూసేదే గనుక మన కోణాల లెక్కకు అది సరిగ్గా సరిపోదు. కానీ ఒక్క చూపును నమ్మకూడదన్న పట్టింపు ఆ పట్టిక మీద ప్రాజెక్టులు చేసేవారిలో నేను చూసిన దానికంటే ఆయనలో ఎక్కువగా కనిపించింది.

ప్రదక్షిణలో కనిపించేది

సముద్రపు అడుగున ఉన్న వస్తువు చుట్టూ ఒకే దూరంలో, ఒకే ఎత్తులో సోనార్‌ను ప్రదక్షిణ చేయించి, డిగ్రీకో అరడిగ్రీకో ఒక ప్రతిధ్వని తీశామనుకుందాం. ఒక్కో ప్రతిధ్వనిని 60 సంఖ్యలుగా కుదిస్తే అది 60 మితుల (డైమెన్షన్ల) అంతరాళంలో ఒక బిందువు. కోణం కొద్దిగా మారితే ప్రతిధ్వని కొద్దిగా మారుతుంది కాబట్టి ఆ బిందువులు ఒక తీగలా సాగుతాయి. బయలుదేరిన చోటికే తిరిగి వస్తాం కాబట్టి ఆ తీగ తన మొదలును తానే కలుసుకుంటుంది. అంత ఎక్కువ మితుల్లో ఒక తీగ తన మీద తాను యాదృచ్ఛికంగా అడ్డుపడే అవకాశం దాదాపు ఉండదు. అందుచేత ఏ సౌష్ఠవమూ లేని వస్తువుకు, అంటే మామూలు రాతికి, మనకు దక్కేది ఒక శుద్ధమైన వలయం. మధ్యలో ఒక రంధ్రం.

ఇప్పుడు గోళాన్ని తీసుకుందాం. ఎటు నుంచి చూసినా ఒకే ప్రతిధ్వని. ప్రదక్షిణ మొత్తం ఒకే బిందువు దగ్గర కదలకుండా ఉండిపోతుంది. నిటారు అక్షం చుట్టూ సౌష్ఠవమున్న ఏ వస్తువుకైనా ఇంతే. ఇటలీ తయారీ మాంటా మైను కొన తెగిన శంకువు ఆకారంలో ఉంటుంది. 1991 ఫిబ్రవరి 18న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక ప్రిన్స్‌టన్‌ను దెబ్బతీసింది ఆ రకమే. అది చదునైన అడుగున నిలకడగా కూర్చుంటే ప్రతిధ్వనుల అంతరాళంలో అదీ ఒక చుక్కే.

స్థూపం సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. పడుకుని ఉన్న స్థూపానికి రెండు నిలువు అద్దాల సౌష్ఠవం ఉంది. ఒక అద్దం అక్షం వెంట నిలబడుతుంది, రెండోది అక్షానికి అడ్డంగా, నడిమధ్యన. కొన దగ్గర బయలుదేరి పక్కకు చేరేదాకా, అంటే 90 డిగ్రీల పాటు, తీగ ముందుకు సాగుతుంది. పక్కను దాటగానే అంతకుముందు చూసిన ప్రతిధ్వనులే వెనక నుంచి ముందుకు వరసగా వస్తాయి. తీగ తన దారినే వెనక్కి నడుస్తుంది. పూర్తి ప్రదక్షిణలో ఆ ఒక్క దారి మీదే రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు వస్తుంది. మనకు దక్కేది వలయం కాదు, చాపం. రంధ్రం లేదు. గోర్మన్, సెజ్నోవ్‌స్కీల పట్టికలో స్థూపాన్ని 90 డిగ్రీల పరిధిలోనూ రాళ్ళను 180 డిగ్రీల పరిధిలోనూ కొలిచారు. స్థూపానికి 90 దాటి చూస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు కనుక, కొలత తీసిన తీరులోనే ఈ జ్యామితి ఇమిడి ఉందని నాకనిపిస్తుంది.

మైను లోపల బోలుగా ఉంటుంది, రాయి గట్టిగా ఉంటుంది కాబట్టి రంధ్రం మైనుకే ఉంటుందని వినగానే అనిపిస్తుంది. ఆ విద్యార్థులూ అలాగే అనుకున్నారు. ఇక్కడ రంధ్రానికీ వస్తువు లోపలి బోలుకూ ఏ సంబంధమూ లేదు. మనిషి తయారుచేసిన వస్తువుకు సాధారణంగా సౌష్ఠవం ఉంటుంది. సౌష్ఠవం ప్రదక్షిణను ముడుస్తుంది. ముడుచుకున్న ప్రదక్షిణలో రంధ్రం పోతుంది. రంధ్రం మిగిలేది రాతికే.

ఇది నేను కనిపెట్టినదేమీ కాదు. ప్రతిధ్వనుల అంతరాళపు జ్యామితి, టోపాలజీల మీదనే 2018లో మైకేల్ రాబిన్సన్, ఆయన సహచరులు అమెరికా అకౌస్టికల్ సొసైటీ పత్రికలో ఒక పరిశోధన పత్రం వేశారు. గన్నార్ కార్ల్‌సన్ 2009లో రాసిన ప్రసిద్ధ సర్వే వ్యాసం తర్వాత ఈ పద్ధతులను ప్రతి రంగానికీ తగిలించే ఉత్సాహం పెరిగింది. అలా తగిలించిన చాలా సందర్భాల్లో రంధ్రానికి అర్థమేమిటో ఎవరూ చెప్పరు. సోనార్‌లో చెప్పవచ్చు. నాకీ ఉదాహరణ మీద ఇంత పక్షపాతం అందుకే.

కోణం తెలిస్తే టోపాలజీ దేనికి?

నా అభిప్రాయానికి ఎదురయ్యే అసలైన అభ్యంతరం ఇది. ఒకప్పుడు సోనార్ సంకేతాల మీద పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన దీన్ని నా ముందు పెట్టారు. ప్రదక్షిణ చేస్తున్నప్పుడు సోనార్ ఏ కోణంలో ఉందో మనకు తెలుసు కదా, అలాంటప్పుడు కుడివైపు 30 డిగ్రీల ప్రతిధ్వనినీ ఎడమవైపు 30 డిగ్రీల ప్రతిధ్వనినీ తీసుకుని నేరుగా పోల్చితే సరిపోదా? అక్షం ఎటు ఉందో తెలియకపోతే అన్ని దిక్కులూ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించవచ్చు. రెండు సంకేతాలు ఎంత పోలి ఉన్నాయో కొలిచే పాత కోరిలేషన్ లెక్క చాలు, కంప్యూటర్‌కు అది క్షణం పని. ‘హోమాలజీ అనే మాట వాడకుండానే ఇదంతా జరిగిపోతుంది కదండీ’ అన్నారాయన.

ఆయన మాటలో చాలా పాలు నిజం ఉంది. ఒక స్థిరమైన పట్టా మీద సోనార్ నడిచే ప్రయోగాల్లో, అంటే 2013లో ఫ్లోరిడాలోని పనామా సిటీ తీరాన ఇసుక మీద లక్ష్యాలను పరిచి చేసిన ట్రెక్స్ ప్రయోగం వంటి వాటిలో, సోనార్ ఎప్పుడు ఎక్కడుందో గట్టిగా తెలుస్తుంది. అలాంటి దత్తాంశం మీద ఎవరైనా పర్సిస్టెంట్ హోమాలజీ నడిపి సౌష్ఠవం కనిపెట్టామంటే, కోరిలేషన్‌తో పోల్చి చూపమని నేనూ అడుగుతాను.

అయితే సముద్రంలో మనిషి లేకుండా తిరిగే వాహనం పరిస్థితి వేరు. నీటి కింద జీపీఎస్ అందదు. ప్రవాహం వాహనాన్ని పక్కకు తోస్తుంది, ఒకచోట వేగంగా, మరొకచోట నెమ్మదిగా నడుస్తుంది, కోణం అంచనా జారుతూ ఉంటుంది. స్థూపం పక్కవైపు మెరుపు ఎంత ఇరుకైనదో లెక్కేస్తే ఈ జారుడు ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. మీటరున్నర పొడవున్న స్థూపాన్ని 20 కిలోహెర్ట్జ్ శబ్దంతో చూస్తే, నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు కాబట్టి తరంగదైర్ఘ్యం 7.5 సెంటీమీటర్లు. తరంగదైర్ఘ్యాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే కోణం డిగ్రీన్నర కూడా ఉండదు. కోణం అంచనాలో రెండు డిగ్రీల పొరపాటుంటే మెరుపు పక్కన మెరుపు లేని ప్రతిధ్వనిని పెట్టి పోల్చి, ‘సౌష్ఠవం లేదు’ అని తీర్పు ఇచ్చేస్తాం. పర్సిస్టెంట్ హోమాలజీకి కోణమే అక్కరలేదు. బిందువులు ఏ వరసలో వచ్చాయో కూడా అక్కరలేదు, బిందువుల మధ్య దూరాలుంటే చాలు. వాహనం తడబడినా, ఒకచోట ఆగినా, వెనక్కి నడిచినా తీగ ఆకారం అదే. గోర్మన్, సెజ్నోవ్‌స్కీల మూల దత్తాంశంలోని గుర్తుల్లో సంఖ్యలు కోణం పెరిగే వరసను సూచిస్తాయి గానీ కోణం విలువను చెప్పవు. ఆ స్థితిలో ఎదురెదురు కోణాలను జతపరచి పోల్చే దారే లేదు, దూరాలు మాత్రం ఉన్నాయి.

కాబట్టి పెద్దాయనకు నా జవాబు ఇలా కుదిరింది: కోణం గట్టిగా తెలిసినచోట టోపాలజీ అలంకారం, తెలియనిచోట ఆధారం. ఆయన దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. కోణాన్నే బాగా కొలిచే దారి చూసుకోవాలని ఆయన వాదం. డబ్బున్న నౌకాదళానికి అది సరైన సలహానే కావచ్చు.

ఇసుక, రవం, దారిన పోయే చేప

పైన చెప్పిన వలయమూ చాపమూ కాగితం మీదివి. సముద్రంలో స్థూపం చదునుగా పడుకోదు. ఒక కొన ఇసుకలో దిగబడి వాలి ఉంటుంది. ఇక్కడ టోపాలజీ కాస్త ఊరటనిస్తుంది. వాలిన స్థూపానికి అడ్డంగా ఉన్న అద్దం పోయినా అక్షం వెంట ఉన్న అద్దం మిగిలే ఉంటుంది. చాపం 90 డిగ్రీల బదులు 180 డిగ్రీల ప్రయాణానికి సాగుతుంది, అయినా అది చాపమే, రంధ్రం రాదు. అసలు దెబ్బ ఇసుక అలల నుంచి వస్తుంది. స్థూపానికి ఏటవాలుగా ఇసుక గీతలు పడి ఉంటే, వస్తువునూ నేలనూ కలిపి చూసినప్పుడు ఏ అద్దమూ మిగలదు. వెళ్ళిన దారీ వచ్చిన దారీ ఒకదాని మీద ఒకటి పడకుండా సన్నగా విడిపోతాయి, వాటి మధ్య సన్నని రంధ్రం పుడుతుంది. ప్రదక్షిణ కేంద్రం వస్తువు మీద కాకుండా పక్కన ఉన్నా ఇదే జరుగుతుంది. ఒకవైపు దగ్గరగా, ఒకవైపు దూరంగా ఉండటం వల్ల వచ్చే తేడాను ముందే సరిచేయకపోతే ఆ రంధ్రం మనం చేతులారా తవ్వుకున్నదే.

అందుకే ‘రంధ్రం ఉందా, లేదా’ అన్న అవును-కాదు ప్రశ్నకు ఇక్కడ విలువ లేదు. ఎంత పెద్ద రంధ్రం అని అడగాలి, అంటే మళ్ళీ ఒక హద్దు గీయాలి. హద్దులు గీసే బాధ టోపాలజీతో పోతుందని కొందరు ప్రచారం చేస్తారు. పోదు. తేడా అంతా ఆ హద్దును ఎక్కడి నుంచి తెస్తామన్న దాంట్లో ఉంది. సోనార్‌ను ఒకేచోట నిలిపి, ఒకే వస్తువు మీదికి మళ్ళీ మళ్ళీ శబ్దం పంపితే వచ్చే ప్రతిధ్వనుల మధ్య ఉండే చెదురుబాటు ఆ రోజు, ఆ నీటిలో ఉన్న రవం (నాయిస్) కొలత. 2007లో కోహెన్-స్టైనర్, ఎడెల్స్‌బ్రన్నర్, హేరర్ ప్రచురించిన స్థిరత్వ సిద్ధాంతం, బిందువులు కొంత దూరం కదిలితే పర్సిస్టెన్స్ పటం (ఏ రంధ్రం ఎప్పుడు పుట్టి ఎప్పుడు పూడిందో చూపే పటం) అంతకు నిర్ణీతమైన చిన్న గుణిజం కంటే ఎక్కువ కదలదని హామీ ఇస్తుంది. కాబట్టి ఆ గుణిజం లోపు ఉన్న రంధ్రాలను నమ్మనక్కరలేదు. శిక్షణ దత్తాంశంలో ఏ హద్దు పెడితే కచ్చితత్వం ఎక్కువొస్తుందో వెతికి పెట్టినది కాదిది. వస్తువు ఏమిటో తెలియకముందే, అదే నీటిలో కొలిచి పెట్టినది.

ఆ హామీకి కూడా ఒక బలహీనత ఉంది. బిందువులన్నీ కొద్దికొద్దిగా కదిలితేనే అది వర్తిస్తుంది. శబ్దం పంపిన క్షణంలో వస్తువుకూ సోనార్‌కూ మధ్య నుంచి ఒక చేపల గుంపు పోతే, ఆ ఒక్క ప్రతిధ్వని మిగతావాటికి బాగా దూరంగా పడుతుంది. అలాంటివి వలయం నడుమన నాలుగైదు పడితే నిజమైన రంధ్రం ముందే పూడిపోయినట్టు కనిపించవచ్చు. ఒంటరి బిందువులకు విలువ తగ్గించి దూరాన్ని కొలిచే పద్ధతులున్నాయి. వాటిని వాడిన విద్యార్థి ప్రాజెక్టును నేనింకా చూడలేదు.

నమూనాల సాంద్రత మాట పైన చెప్పిన మెరుపు లెక్కలోనే ఉంది. డిగ్రీన్నర లోపు తీగ అంత దూరం పరుగెత్తి వస్తుంటే, రెండు డిగ్రీలకొక ప్రతిధ్వని తీసి ఆ పరుగును పట్టలేం. తీగ అక్కడ తెగినట్టు కనిపిస్తుంది. చాపం తెగితే రెండు ముక్కలవుతుంది, వలయం తెగితే చాపమవుతుంది. అంటే బద్ధకంగా కొలిస్తే రాయి మైనులా కనిపిస్తుంది. ఈ పొరపాటు కనీసం భద్రమైన వైపుకే జరుగుతుందనుకోండి.

చిత్రం చూస్తే సరిపోదా?

కదులుతూ తీసిన పలు ప్రతిధ్వనులను కలిపి చిత్రం కట్టే సింథటిక్ అపెర్చర్ సోనార్‌తో ఇప్పుడు అడుగున ఉన్న వస్తువుకు కొన్ని సెంటీమీటర్ల స్పష్టతతో చిత్రం, దాని పక్కన నీడ కూడా వస్తున్నాయి. ఆ చిత్రాన్ని బొమ్మలు గుర్తించడానికి వాడే కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇస్తే సరిపోదా అన్నది సహజమైన ప్రశ్న. తగినన్ని ఉదాహరణలున్నప్పుడు ఆ నెట్‌వర్కులు బాగానే పనిచేస్తాయి, ఇందులో నాకు పేచీ లేదు. చిక్కు ఉదాహరణల దగ్గరే. పిల్లి బొమ్మలు లక్షల్లో దొరికినట్టు సముద్రపు మైనుల బొమ్మలు దొరకవు. దొరికినా ఒక తీరపు ఇసుకలో తీసినవి మరో తీరపు బురదకు పనికిరావు. పైగా సముద్రంలో రాళ్ళ సంఖ్యకూ మైనుల సంఖ్యకూ పొంతన ఉండదు. వెయ్యి వస్తువుల్లో ఒక్కటే మైను అనుకుని, రెండు వైపులా 90 శాతం కచ్చితత్వమున్న యంత్రానికి వాటిని అప్పగిస్తే, అది మైను అని చూపించే వందకు పైగా వస్తువుల్లో దాదాపు అన్నీ రాళ్ళే. ఒక్కోదాని దగ్గరికి గజ ఈతగాడినో యంత్రాన్నో పంపాలి. దాదాపు సగం మైనులు, సగం రాళ్ళు ఉన్న 208 వరసల పట్టిక మీద 90 శాతం సాధించిన సంబరం అక్కడ ఆవిరవుతుంది.

సౌష్ఠవం గురించి తెలుసుకోవడానికి శిక్షణే అక్కరలేదు. తీగ ముడుచుకుందా లేదా అన్నది ఈ ఒక్క వస్తువు ప్రదక్షిణలోనే తేలుతుంది. ముందెన్నడూ చూడని ఆకారమైనా సరే. నేను టోపాలజీని సమర్థించడానికి ముఖ్య కారణం ఇదే. దాని ఫలితాన్ని తీసుకెళ్ళి మరో వర్గీకరణ యంత్రంలో ఒక అదనపు నిలువు వరసగా పోస్తే, శిక్షణ అక్కరలేదన్న ఆ ఒక్క మేలునూ పోగొట్టుకున్నట్టే.

ఒకవైపే చెల్లే సాక్ష్యం

ఇంతదాకా చెప్పినదాన్ని బట్టి రంధ్రం ఉంటే రాయి, లేకుంటే మైను అని సూత్రం కట్టాలనిపిస్తుంది. కట్టకూడదు. మైను ఒక బండ పక్కన ఆనుకుని ఉంటే, ఆ రెండింటినీ కలిపి సోనార్ ఒకే వస్తువుగా చూస్తుంది. ఆ జంటకు ఏ అద్దమూ లేదు, ప్రదక్షిణ నిండు వలయంగా విచ్చుకుంటుంది. స్వీడన్ తయారీ రాకన్ మైనును చూడండి. ప్రతిధ్వని తక్కువగా వచ్చేలా, నేలకు అణిగి ఉండే ఆకారంలో దాన్ని రూపొందించారు. సౌష్ఠవం చెడిన ఆకారాన్ని కావాలనే తయారుచేసేవాడికి ఈ పరీక్షను దాటడం కష్టం కాదు. రంధ్రం ఉందంటే ‘ఏమీ తేలలేదు’ అనే చదవాలి. మరోవైపు, ప్రదక్షిణ మొత్తం రవం హద్దు లోపల శుభ్రంగా ముడుచుకుపోయిందంటే, ఆ ముడతను ఒక మామూలు బండరాయి యాదృచ్ఛికంగా ఇవ్వడం చాలా అరుదు. నీళ్ళలో నునుపుదేలిన గుండ్రాయి తప్ప. గుండ్రాయి, మాంటా రెండూ చుక్కలే కాబట్టి అక్కడ టోపాలజీ చేతులెత్తేస్తుంది. ఆ ఇద్దరినీ వేరుచేయాలంటే లోహపు గోడలో తిరిగి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని లాంటి భౌతికశాస్త్రపు సాక్ష్యం కావాలి.

ఇంకో లోపం కూడా ఉంది. అద్దం లేకుండా, సగం చుట్టు తిప్పితే తనలాగే కనిపించే వస్తువులుంటాయి. రెండు కొనలూ ఎదురు దిక్కులకు వంగిన గొట్టం అలాంటిదే. దాని ప్రదక్షిణ వలయమే, కానీ అదే వలయాన్ని రెండుసార్లు చుడుతుంది. మూడు రెక్కలున్నదైతే మూడుసార్లు. రంధ్రాలను లెక్కపెట్టేవారికి ఒక చుట్టూ మూడు చుట్లూ ఒకటే. చుట్ల సంఖ్య తెలియాలంటే హోమాలజీకి జంట లెక్క అయిన పర్సిస్టెంట్ కోహోమాలజీ నుంచి బిందువులకు వృత్తం మీది నిరూపకాలు కట్టే పద్ధతి కావాలి. డి సిల్వా, మొరోజోవ్, వెయ్‌డెమో-జోహాన్సన్ దాన్ని ఎప్పుడో సిద్ధం చేసి పెట్టారు. కాకపోతే దానికి ప్రతిధ్వనులు వచ్చిన వరస తెలియాలి. కోణం విలువ అక్కరలేదు గానీ వరస కావాలి. టోపాలజీకి వరస కూడా అక్కరలేదన్న నా పై మాట రంధ్రాల వరకే చెల్లుతుంది.

ఆచరణలో దీన్ని ఎక్కడ వాడాలని అడిగితే, తీర్పు చెప్పే చివరి మెట్టులో పెట్టను. వాహనం ఇంకా ప్రదక్షిణలో ఉండగానే వాడతాను. మొదటి సర్వేలో వాహనం పొలం దున్నినట్టు అటూ ఇటూ నడిచి అనుమానాస్పదమైన చోట్లు గుర్తిస్తుంది. ఆ తర్వాత ఒక్కోదాని చుట్టూ తిరగాలి. బ్యాటరీ పరిమితం కాబట్టి అన్నింటి చుట్టూ పూర్తిగా తిరగలేదు. నిలువు అద్దం ఒక్కటున్నా ఆ అద్దం తలం ప్రదక్షిణ దారిని ఎదురెదురుగా రెండు చోట్ల ఖండిస్తుంది. కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా 180 డిగ్రీల లోపు వాహనం ఒకదాన్ని దాటక తప్పదు, దాటగానే తీగ వెనక్కి మళ్ళుతుంది. మళ్ళిన తర్వాత మరో 20, 30 డిగ్రీలు పాత దారి మీదే నడిస్తే ఆ వస్తువును పైవరసలో పెట్టి పక్కదానికి వెళ్ళవచ్చు. సగం చుట్టు దాటి మరో 30 డిగ్రీలు పోయినా వెనక్కి మళ్ళకపోతే, మిగతా సగం తిరగాలా వద్దా అన్నది బ్యాటరీని బట్టి, జాబితాలో ఇంకా ఎన్ని మిగిలాయన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. అటువంటి వస్తువులను కొట్టివేయకుండా జాబితా అడుగున ఉంచాలి.